ఏడుసార్లు తెచ్చుకున్న పుస్తకం: చదువు మనిషిని నిజంగా మారుస్తుందా?

జమ్మలమడుగు వాసి (కడప జిల్లా):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నిరుడు మాఘమాసంలో కాలం చేశారు. ఆయన పేరు మీద మా ఊరి ఉన్నత పాఠశాలకు కొన్ని పుస్తకాలు ఇవ్వాలని నేనూ మా అక్కా అనుకుని 20 వేల రూపాయలు పక్కన పెట్టుకున్నాము. ఏమి కొనాలని అడిగితే తెలిసినవారంతా జీవితాన్ని మార్చే పుస్తకాలు కొనమంటున్నారు. మీ జీవితంలో ఏ పుస్తకం ఏమి మార్చిందని తిరిగి అడిగితే మాత్రం, ఆలోచన విశాలమైందనో, లోకం తెలిసిందనో చెప్పి ఊరుకుంటున్నారు.

నాకు ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. నాన్నగారి పెట్టెలో పొడుగాటి నోటుపుస్తకం ఒకటి దొరికింది. 1983 నుంచి 2009 వరకు గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ప్రతి పుస్తకం పేరూ, తెచ్చిన తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ అందులో రాసుకున్నారు. నవలలు, చరిత్రలు, ప్రయాణ కథలు అన్నీ ఒక్కొక్కసారే ఉన్నాయి. ఒక్క 'పెన్నేటి పాట' మాత్రం ఏడుసార్లు ఉంది. ఆ పుస్తకాన్ని ఆయన ఇంట్లో ఎవరి ముందూ చదవలేదు, దాని గురించి ఒక్క మాట కూడా మాతో అనలేదు.

నేను ఆ పుస్తకం సంపాదించి రెండు రాత్రుల్లో చదివాను. కరువు గురించి, ఎండిపోయిన పెన్న గురించి అంత శక్తిమంతంగా రాసిన విద్వాన్ విశ్వం గారి మీద ఎంతో గౌరవం కలిగింది. కానీ మరునాడు నేను ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్లాను, ఎప్పటిలాగే తిరిగి వచ్చాను. నాన్నగారిని ఏడుసార్లు పిలిచిన పుస్తకం నన్ను ఒక్కసారి కూడా ఎందుకు పిలవలేదని అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. లోపం నాలో ఉందా, నేను చదివిన తీరులో ఉందా, లేక పుస్తకం జీవితాన్ని మారుస్తుందన్నది మనం మర్యాద కోసం అనుకునే మాటేనా?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీకు నచ్చిన పుస్తకాల జాబితా కాదు నాకు కావలసింది. ఒక పుస్తకం చదివిన తరువాత, అంతకు ముందు చేయని పని ఏదైనా మీరు చేశారా? చేసి ఉంటే ఆ పని ఏమిటో దయచేసి చెప్పండి.

సుగ్గి ఊరి పంతులమ్మ (కర్నూలు జిల్లా):

మీరు చేసిన పని గురించి అడిగారు కనుక ధైర్యంగా రాస్తున్నాను. ఏమి నేర్చుకున్నారని అడిగి ఉంటే బహుశా నేనూ ఆ పెద్దమాటలే చెప్పి ఉండేదాన్ని.

నేను కోసిగి ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా వైపు పల్లెల్లో సంక్రాంతి దాటేసరికి సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మిరప కోతల కోసం గుంటూరు, ప్రకాశం జిల్లాలకు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. దానినే మేము సుగ్గికి పోవడం అంటాము. పెద్దలతోపాటు పిల్లలూ వెళ్లి, ఎండలు ముదిరిన తరువాత తిరిగి వస్తారు. అలా వచ్చిన పిల్లలకు నేను మొదట చూపించేది హాజరుపట్టీ. ఎన్ని రోజులు రాలేదో వాళ్ల చేతనే లెక్కపెట్టించేదాన్ని. అది క్రమశిక్షణ అనుకున్నాను. అయిదేళ్లపాటు అలాగే చేశాను.

2011లో 'రైలుబడి' చదివాను. తెత్సుకో కురొయనాగి అనే జపాను రచయిత్రి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకానికి అది తెలుగు అనువాదం. అల్లరి భరించలేక మొదటి బడివారు పంపించివేసిన ఆ పాపను తల్లి టోక్యోలోని తొమోయె అనే బడికి తీసుకువెళుతుంది. అక్కడ తరగతి గదులు పాత రైలు పెట్టెలు, పిల్లలు ఏ రోజు ఏ పాఠంతో మొదలుపెట్టాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. అవన్నీ ముచ్చటగానే ఉన్నాయి, కానీ మా బడిలో రైలు పెట్టెలు లేవు, ఒక్క గదిలో మూడు తరగతులు ఉన్నాయి. నన్ను కదలనివ్వని ఘట్టం వేరు. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి గారు తల్లిని ఇంటికి పంపించి, పాపకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, నీకు చెప్పాలని ఉన్నదంతా చెప్పమంటారు. ఆ పాప దాదాపు నాలుగు గంటలు మాట్లాడుతుంది. ఆయన మధ్యలో ఆవలించకుండా, గడియారం చూడకుండా వింటారు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, నా దగ్గర చదివిన పిల్లల్లో ఎవరి మాటనైనా నేను పది నిమిషాలు విన్నానా అని లెక్క వేసుకున్నాను. ఒక్కరి పేరు కూడా గుర్తుకు రాలేదు.

ఆ ఏప్రిల్‌లో సుగ్గి నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లవాడిని హాజరుపట్టీ తెరవకుండా పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడ ఏమి చేశావో చెప్పమన్నాను. మొదట భయపడ్డాడు. తరువాత ఆపలేకపోయాను. రాత్రిపూట లారీలో ఎలా వెళ్లారో, పట్టా కింద ఎలా పడుకున్నారో, కల్లంలో ఎర్రకాయ నుంచి తాలుకాయను ఎలా ఏరుతారో, ఘాటుకు కళ్లు మండితే వాళ్లమ్మ ఏమి చేస్తుందో అంతా చెప్పాడు. కూలి కిలోల లెక్కన ఇస్తారట. అమ్మ ఒక రోజు 42 కిలోలు కోస్తే ఎంత వస్తుందో నోటితోనే చెప్పేశాడు. అదే లెక్కను పలక మీద గుణకారంగా రాసి ఇస్తే చేయలేకపోయాడు. ఈ పిల్లవాడికి లెక్కలు రావని అంతకు ముందు సంవత్సరం నా చేతులతో నేనే రాశాను.

ఆనాటి నుంచి మా బడిలో సుగ్గి నుంచి వచ్చిన పిల్లలకు మొదటి రోజు పాఠం ఉండదు. వాళ్లు చెబుతారు, నేను బోర్డు మీద రాస్తాను, మిగిలినవాళ్లు చదువుతారు. గుణకారాలు కిలోలతో, బస్తాలతో మొదలవుతాయి.

నిజం దాచకుండా చెప్పాలి కనుక ఇదీ రాస్తున్నాను. మరుసటి జనవరిలో ఆ పిల్లవాడు మళ్లీ వెళ్లిపోయాడు. వలస వెళ్లినవారి పిల్లల కోసం పెట్టిన సీజనల్ హాస్టల్లో వదిలి వెళ్లమని వాళ్లమ్మను ఎంత బతిమాలినా ఒప్పించలేకపోయాను. రెండేళ్ల తరువాత వాడి చెల్లెలి విషయంలో మాత్రం ఆమె నా మాట విన్నది. పుస్తకం మా ఊరి వలసను ఆపలేదు. నేను పిల్లల ముందు కూర్చునే తీరును మార్చింది, అంతే.

స్టాఫ్ నర్సు (నంద్యాల):

నాది సాహిత్యం కాదు. హైదరాబాద్ బుక్ ట్రస్టు వారు తెలుగులో తెచ్చిన 'వైద్యుడు లేని చోట'. మెక్సికో కొండ గ్రామాల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ రాసిన పుస్తకం అది. మా ఊరి బడిలో పనిచేసిన ఒక అయ్యవారి ఇంట్లో ఉండేది, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు బొమ్మలు చూడడానికి తెచ్చుకున్నాను.

ఆ వారంలోనే మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు తాగిస్తే ఇంకా పారుతుందని మా అవ్వ గుక్కెడు కూడా తాగనివ్వలేదు. ఆ రోజుల్లో మా వైపు అందరూ అలాగే అనేవారు. నేను పుస్తకం తెచ్చి అవ్వ ముందు పెట్టి, బొమ్మలు చూపించి, వాదించి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు కలిపి, తెల్లవారేదాకా చెంచాతో పోస్తూ కూర్చున్నాను. అప్పటివరకు మా ఇంట్లో ఆడపిల్ల మాట పెద్దవాళ్ల మాటను దాటింది లేదు. తమ్ముడు కోలుకున్నాడు, నేను నర్సింగులో చేరాను. ఇప్పుడు ప్రతి తల్లికీ చెప్పే మొదటి మాట నీళ్లు ఆపవద్దనే.

మీరు ఆ పుస్తకం కొంటే రెండు ప్రతులు కొనండి. ఒకటి ఎవరి ఇంటికో వెళ్లి తిరిగి రాదు. రాకపోయినా ఫరవాలేదు.

విశ్రాంత గ్రంథపాలకుడు (కడప):

నేను 31 ఏళ్లు శాఖా గ్రంథాలయాల్లో పనిచేశాను. మీ నాన్నగారి వంటి పాఠకులను చూశాను కనుక ముందుగా ఆయనకు నమస్కరిస్తున్నాను. తెచ్చిన తేదీ, ఇచ్చిన తేదీ మా రిజిస్టరులో మేము రాయవలసినవి, వాటిని తన దగ్గర కూడా రాసుకున్న పాఠకుడు ఆ పుస్తకాలను ఎంత విలువగా చూసుకున్నాడో వేరే చెప్పనవసరం లేదు.

మీ మిత్రులు ఇచ్చిన సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. ఫలానా పుస్తకం జీవితాన్ని మారుస్తుందని ముందే నిర్ణయించి బీరువా నింపడం వల్ల ప్రయోజనం ఉండదు. ఏ పుస్తకంలో ఏ వాక్యం ఎవరికి తగులుతుందో దాత ఊహించలేడు. మన కడపకు సంబంధించిన ఉదాహరణే చెబుతాను. మద్రాసులో తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిన ఆంగ్లేయుడు సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగానికి కడప వచ్చాడు. తరువాత మచిలీపట్నంలో ఉండగా, 1824లో, డుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు హిందువుల ఆచార వ్యవహారాల గురించి రాసిన పుస్తకం చదువుతూ అందులో వేమన ప్రస్తావన చూశాడు. ఆ పుస్తకం తెలుగు సాహిత్యం గురించి రాసినది కాదు. ఆ కాస్త ప్రస్తావన పట్టుకుని బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతుల కోసం వెతకడం మొదలుపెట్టాడు. 1826లో కడపకు తిరిగి వచ్చి, బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి ప్రతులు పోల్చి రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించాడు. నిఘంటువులు, కావ్యాల పరిష్కరణలు అన్నీ ఆ దారిలో వచ్చినవే. ఆ బంగళా ఉన్న చోటే ఈనాడు ఆయన పేరిట గ్రంథాలయం నిలిచి ఉంది. మీరు కడపలోనే ఉంటే ఒక ఆదివారం వెళ్లి చూడండి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు ఏ పుస్తకాలు కొన్నా, వాటి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందు అడగండి. బడులకు ఇచ్చిన పుస్తకాలు ఎన్నో బీరువాలోనే చెదపట్టిపోవడం నేను కళ్లారా చూశాను. తప్పు ఉపాధ్యాయులదని అనడం సులభం. అయితే స్టాకు తనిఖీకి వచ్చినవారు పుస్తకం కనిపించకపోతే సంజాయిషీ అడుగుతారు. దాని వెల తానే కట్టవలసి వస్తుందన్న భయం ఎవరికైనా ఉంటుంది, ఆ భయంతోనే తాళం పడుతుంది. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే తాళం వేసి కూర్చున్నవాడినే. మన రాష్ట్రంలో 1960 చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. అంటే ఆ పుస్తకాలు ఊరివాళ్లు తమ డబ్బుతో కొనుక్కున్నవి. వాటిని వాళ్లకే అందకుండా దాచడం ఎంత తప్పో నాకు అర్థమవడానికి చాలా కాలం పట్టింది.

కనుక మీరు ఇచ్చేటప్పుడే ఒక కాగితం రాసి ఇవ్వండి. పోయిన పుస్తకాలకు ఎవరినీ బాధ్యులను చేయవద్దనీ, ఏటా వందకు పది పోయినా వాటి స్థానంలో కొత్తవి మేమే కొని ఇస్తామనీ రాయండి. 20 వేలూ ఈ ఏడే ఖర్చు చేయకండి. 12 వేలకు కొని, మిగిలినది ఇందుకోసం ఉంచండి. పెద్ద పుస్తకాలు పది కొనే బదులు చిన్నవి ఎక్కువ కొనండి. కథలు, సైన్సు ప్రయోగాలు, పశువుల జబ్బులు, జీవిత చరిత్రలు, పొడుపు కథలు, అన్ని రకాలూ ఉండనివ్వండి.

కళ్యాణదుర్గం పెద్దాయన (అనంతపురం జిల్లా):

మీరు అడిగిన అసలు ప్రశ్నకు, అంటే మీ నాన్నగారిని పిలిచిన పుస్తకం మిమ్మల్ని ఎందుకు పిలవలేదన్న ప్రశ్నకు, ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తెలిసినంతలో చెప్పడానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే నన్నూ ఆ పుస్తకమే పిలిచింది.

విశ్వం గారు మా జిల్లా తరిమెలలో పుట్టినవారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లి, తరువాత పత్రికల్లో పనిచేసి, 'మాణిక్యవీణ' శీర్షికతో ఎన్నో ఏళ్లు రాసినవారు. చిన్నప్పటి నుంచి కళ్లతో చూసిన కరువునే ఆయన కావ్యం చేశారు. దానిని మీరు రెండు రాత్రుల్లో చదివానన్నారు. బహుశా కళ్లతో చదివి ఉంటారు. దానిని గొంతెత్తి చదవాలి బాబూ. పేరులోనే పాట ఉంది. ఊపిరి ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందకుండా పోవాలో ఆ నడకలోనే ఉంది. మౌనంగా చదివితే కరువు గురించిన సమాచారంగా మిగులుతుంది. మీ నాన్నగారు ఎవరి ముందూ చదవలేదన్నారు కానీ, ఎవరూ లేనిచోట ఎలా చదివారో మీకు తెలియదు కదా.

నా సంగతి చెబుతాను. మాది ఎర్రనేల, వేరుశనగ తప్ప మరో పంట తెలియని పల్లె. మా నాన్న పడిన కష్టం చూసి, సేద్యం వద్దనుకుని, పరీక్ష రాసి ఒక బ్యాంకులో చేరాను. నేల వదిలివచ్చినవాడికి నేల గుర్తుకు రాకుండా ఉండాలంటే కఠినంగా ఉండడమొకటే మార్గమని అప్పట్లో నాకు తెలియకుండానే అనుకున్నాను. పంట రుణాల సీటు నాది. వాన రాక, ఊడలు దిగే సమయానికి చెట్టు వాడిపోయిన ఏడు రైతు వచ్చి నిలబడితే, పాత బాకీ కట్టినట్టూ కొత్త అప్పు ఇచ్చినట్టూ బుక్ అడ్జస్ట్‌మెంట్ రాసి, వేలిముద్ర వేయించి పంపించేవాడిని. వడ్డీ ఎంత చేరిందో, కొత్త అసలు ఎంత అయిందో అతనికి చెప్పేవాడిని కాదు. అతను అడిగేవాడు కాదు. అది నాకు సుఖంగానే ఉండేది.

1987లో, విశ్వం గారు పోయిన తరువాత, అనంతపురంలో ఒక సంస్మరణ సభకు స్నేహితుడు లాక్కుపోతే వెళ్లాను. అక్కడ ఒక ఉపాధ్యాయుడు 'పెన్నేటి పాట' నుంచి ఇరవై నిమిషాలు చదివాడు. బాగా బతికిన ఇంట పుట్టి, కరువు వల్ల అన్నీ పోగొట్టుకున్న మనిషి కథ అది. వింటూ ఉంటే నాకు మా నాన్న కనిపించలేదు. నా బల్ల ముందు నిలబడే మనుషులు కనిపించారు. నేను వాళ్లను నిలబెట్టే మాట్లాడుతున్నానని అప్పుడు స్ఫురించింది. మరుసటి సోమవారం నా బల్ల ముందు ఒక బెంచీ వేయించాను. వేలిముద్ర వేసే ముందు కాగితంలో ఏమి ఉందో పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరికి పావుగంట పట్టేది, లైను పెరిగేది, పైవాళ్లు చీవాట్లు పెట్టారు. రిటైరయ్యేవరకు మానలేదు. అప్పుల బాధ ఏమీ తగ్గలేదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ తన అప్పు ఎంతో తెలిసి ఇంటికి పోయే మనిషికీ, తెలియక పోయే మనిషికీ నడకలో తేడా ఉంటుంది.

ఒక చిన్న పని చేసి చూడండి. మీ నాన్నగారి నోటుపుస్తకంలో ఆ ఏడు తేదీలూ ఏ నెలల్లో పడ్డాయో చూడండి. నేను ఆ పుస్తకాన్ని ఎప్పుడు తీసినా జులైలోనే తీస్తాను, మా వైపు వేరుశనగ విత్తే నెల అది.

సుగ్గి ఊరి పంతులమ్మ (కర్నూలు జిల్లా):

గ్రంథపాలకులు గారు తాళం గురించి చెప్పింది అక్షరాలా నిజం. మా బడిలోనూ నేను వెళ్లేసరికి బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తాళం పగలగొట్టించి, పుస్తకాలను గోడ వెంబడి దండెం కట్టి దాని మీద వేలాడదీశాము. చిరిగిపోతున్నాయి. చిరిగినవాటిని అయిదో తరగతి పిల్లలు శనివారం మైదాపిండి జిగురుతో అతికిస్తారు. ఏ పుస్తకం ఎక్కువగా చిరుగుతున్నదో చూసి తరువాత ఏది కొనాలో నిర్ణయించుకుంటాను.

జమ్మలమడుగు వాసి (కడప జిల్లా):

మీ అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారు చెప్పినట్టే చేశాను. ఏడింటిలో ఆరు తేదీలు సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు రెండో వారం లోపల ఉన్నాయి. ఏడోది ఒక మార్చి నెలలో ఉంది, అది ఎందుకో తెలియలేదు.

నోటుపుస్తకం తీసుకువెళ్లి అమ్మకు చూపించాను. ఆమె కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఉత్తర, హస్త కార్తెలు కదా, జొన్నలు విత్తే కాలం అన్నది. మాకు పెన్న అవతల తొమ్మిది ఎకరాల నల్లరేగడి ఉండేదనీ, దానిని 1982లో అమ్మి నాన్నగారు ఉద్యోగంలో చేరారనీ నాకు తెలుసు. తెలియనిది ఒకటుంది. ఆ రెండు కార్తెల్లో ఆయన డిపోలో బతిమాలి డ్యూటీ మార్పించుకుని, ఆ పొలం పక్కగా పోయే పల్లె బస్సు ఎక్కేవారట. ఎవరో గొర్రు తోలుతుంటే బస్సులోంచి చూసి వచ్చేవారట. సాళ్లు వంకర పోయాయని ఒకసారి ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకున్నారని అమ్మ చెప్పింది.

ఆ రాత్రి అమ్మ దగ్గర కూర్చుని 'పెన్నేటి పాట' పైకి చదివాను. నాకు పద్యం చదవడం సరిగా రాదు, తప్పులు పోయాయి. రెండు చోట్ల అమ్మ నన్ను సరిదిద్దింది. ఆ పుస్తకం ఆమె ఎన్నడూ చేత పట్టుకోలేదు, నాన్నగారు వంటింటి వెనుక అరుగు మీద కూర్చుని చదువుతుంటే విన్నదట.

వడ్రంగితో మాట్లాడాను. తలుపులు లేని అల్మారా చేస్తానన్నాడు, పిల్లలకు అందేటట్టు నాలుగడుగుల ఎత్తులో. ప్రధానోపాధ్యాయుల వారికి ఇవ్వవలసిన కాగితం రాసి అక్కకు చూపించాను, వందకు పది అన్నచోట ఆమె పదిహేను చేసింది. మా ఊరి బడికి ఉన్నత తరగతులే ఉన్నాయి కనుక 'రైలుబడి' పిల్లలకు పనికివస్తుందా, లేక అయ్యవార్లకు ఇవ్వాలా అన్నది పంతులమ్మ గారు చెప్పాలి. 'వైద్యుడు లేని చోట' రెండు ప్రతులు రాసుకున్నాను.